పందెం కట్టే చెయ్యి పక్కవాడి జేబు జోలికి ఎందుకు పోదు?

ఏటా భోగికి పదిరోజుల ముందు గోదావరి జిల్లాల్లో కోడిపందేల మీద ఒకటే తంతు. పోలీసులు ఊరూరా ఫ్లెక్సీలు కడతారు, పాత నిర్వాహకుల మీద బైండోవర్ కేసులు పెడతారు, పట్టుకున్న కోడికత్తులు బల్లమీద పరిచి ఫొటోలు దిగుతారు. పండగనాటికి కొబ్బరితోటల్లో షామియానాలు లేచిపోతాయి. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది, రాష్ట్ర గేమింగ్ చట్టం 1974 నాటిది, 2016 డిసెంబరులో హైకోర్టు కూడా పందేలు జరగనివ్వొద్దని చెప్పింది. అయినా బరి చుట్టూ నిలబడ్డవాళ్లలో చాలామంది పరాయి సొమ్ము రూపాయి ముట్టనివాళ్లే, అదీ తమాషా.

మనిషి నేరం ఎందుకు చేస్తాడన్నదానికి మొదట్లో దొరికిన జవాబు భయం, లెక్క. శిక్ష ఎంత పెద్దదన్నదానికంటే ఎంత ఖాయమన్నదే మనిషిని ఆపుతుందని ఇటలీ మేధావి బెకారియా 1764లోనే రాశాడు. రెండొందల ఏళ్ల తర్వాత, 1968లో, అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ దాన్నే గణితంలో పెట్టాడు. ఒక విద్యార్థికి పరీక్ష పెట్టడానికి వెళ్తూ తనకి ఆలస్యమవుతుంటే, ఫైన్ పడితే ఎంత, పడే అవకాశమెంత అని లెక్కేసుకుని కారు రోడ్డు పక్కన పెట్టేశాడట, ఆలోచన అక్కడే మొదలైందని ఆయనే చెప్పుకున్నాడు.

మధ్యలో ఇంకో పాడు ఆలోచన వచ్చింది. 1876లో లాంబ్రోసో అనే డాక్టరు నేరస్తులు పుట్టుకతోనే వేరన్నాడు. ఆయన కంటే ముందే, 1871లో, ఇక్కడ బ్రిటిష్ వాళ్లు కులాలకి కులాలనే నేరస్తులని రాసేసే చట్టం చేశారు. 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకీ అది వర్తించింది, పక్కన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ అలా పుట్టిందే. చట్టం పోయినా ఆ ముద్ర పోలేదు.

1990లో గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షీ అనే ఇద్దరు అమెరికన్లు రక్తం కాదు, నిగ్రహం అన్నారు. చిన్నప్పుడు ఇంట్లో అదుపు నేర్పకపోతే పెద్దయ్యాక ఆశ పుట్టినప్పుడు ఆగలేరని వాళ్ల వాదన. వినడానికి బాగుంది, కానీ మన యానాం చూస్తే అతకదు.

1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే నేరం. యానాం అప్పుడు ఫ్రెంచి వాళ్లది, ఈ చట్టం అక్కడ చెల్లదు. ఇంకేముంది, చుట్టుపక్కల తాలూకాల నుంచి పెళ్లివారు తరలివెళ్లి అక్కడే పుస్తె కట్టించేశారు, ఎన్ని పెళ్లిళ్లంటే ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చేసింది. ముహూర్తం చూసి, బంధువుల్ని పిలిచి, సంభారాలన్నీ సర్దుకుని బయల్దేరినవాళ్లకి నిగ్రహం లేదంటే ఎవరు నమ్ముతారు? వాళ్ల లెక్కలో అసలది తప్పే కాదు, పైగా చెయ్యకపోతేనే తప్పు.

ఈ ముడి విప్పింది కేంబ్రిడ్జ్‌లో పనిచేసే స్వీడన్ శాస్త్రవేత్త విక్‌స్ట్రోమ్. ఇంగ్లండులోని పీటర్‌బరోలో సుమారు 700 మంది పిల్లల్ని పన్నెండేళ్ల వయసు నుంచి ఏళ్ల తరబడి గమనించాడు. ఆయన చెప్పేదాంట్లో నీతి ముందు, నిగ్రహం తర్వాత. తప్పని లోపల గట్టిగా ఉన్నవాడికి ఆ దారి కనిపించనే కనిపించదు, కాబట్టి ఆపుకోవాల్సిన పనే లేదు. తప్పు కాదనుకునేవాడు అలవాటుగా చేసేస్తాడు, అక్కడా నిగ్రహానికి పనిలేదు. తప్పని తెలిసీ మనసు లాగుతున్నవాడికే దాంతో అవసరం. చోటుకీ ఒక నీతి ఉంటుందని కూడా అంటాడు. మన బరి సంగతి అదేగా: అల్లుడొచ్చాడని మామగారే దగ్గరుండి తీసుకెళ్లి కుర్చీ వేయిస్తే అక్కడ తప్పన్న మాట ఎవరు ఎత్తుతారు?

అదే బరి పక్కన గుండాట దగ్గరికి వెళ్లండి. డబ్బా ఊపి పాచికలు బోర్లిస్తుంటాడు, ఎదురుగా కుర్రాడు ‘ఐదొందలు పోతే లేచిపోతా’ అని మొదలెట్టి, ఫ్రెండ్‌కి ఫోన్‌పే కొట్టించి మరీ కూర్చుంటాడు. వాడు ఇంటికెళ్లి కోడిపందెం చూశానని చెప్తాడు గానీ గుండాట మాట ఎత్తడు. ఫోన్‌లో పేకాటా అంతే. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. దాన్ని షామియానా వేసుకుని ఆడేవాళ్లు లేరు, దుప్పటి కప్పుకుని ఆడేవాళ్లే. దాచుకుంటున్నాడంటే తప్పని వాడికి తెలుసు, ఆగలేకపోతున్నాడు. పట్టుబడతానన్న భయమో, ఇంట్లో ఫోన్ అడిగి చూసే మనిషో పనిచేస్తే ఇలాంటివాడి మీదే చేస్తుంది. మూడు రోజుల పండక్కి కత్తులు పట్టుకోవడంలో చూపించే హడావిడిలో సగం కూడా వీళ్ల మీద కనిపించదు.