అన్ని రిపోర్టులూ నార్మలే, మరి ఈ నీరసం ఎందుకు? డిప్రెషన్ మీద అపోహలు - వాస్తవాలు

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, గుంటూరు వైపు ప్రాక్టీస్. "నాకు డిప్రెషన్ ఉందేమోనండి" అని వచ్చేవాళ్ళు నా దగ్గర చాలా తక్కువ. ఎక్కువమంది చేతిలో ఓ పెద్ద ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వస్తారు, అందులో ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, తలకి తీసిన స్కాన్, అన్నీ ఉంటాయి, అన్నీ నార్మలే. ఆఖరికి ఏ ఫిజీషియనో "ఒకసారి సైకియాట్రీలో చూపించుకోండి" అంటే మొహం మాడ్చుకుని, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమో అని అటూ ఇటూ చూసుకుంటూ లోపలికొస్తారు. ఆ కవర్లు చూసి చూసి రాస్తున్న పోస్ట్ ఇది. చెప్పే మనుషుల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చేశాను.

అపోహ: డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవటం

ఏడుపు కొంతమందిలోనే ఉంటుంది. మన వైపు నేను రోజూ వినే మాటలు వేరు. "నరాల వీక్‌నెస్ అండి", "గ్యాస్ పైకి తన్నుతోంది", "తలంతా బరువు", "గుండె దడ", "ఒంట్లో సత్తువ లేదు". ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికెళ్తే ఓ సెలైన్ ఎక్కించి, ఓ బీ-కాంప్లెక్స్ ఇంజక్షన్ చేస్తాడు, రెండ్రోజులు బాగున్నట్టు ఉంటుంది, మళ్ళీ మామూలే. వీళ్ళు అబద్ధం చెప్పట్లేదు, నొప్పి నిజం, నీరసం నిజం. కానీ పక్కన కూర్చోబెట్టుకుని నిద్ర గురించి అడిగితే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందనీ, ఆ టైమ్‌లోనే మనసు అన్నిటికంటే బరువుగా ఉంటోందనీ, సాయంత్రానికి కాస్త నయమనీ చెప్తారు. అప్పుడు మాకు దారి దొరుకుతుంది.

మేము చూసేది ఏంటంటే, కనీసం రెండు వారాల పాటు, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా ఉండటం గానీ, ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి చచ్చిపోవడం గానీ, ఈ రెండింటిలో ఒకటి కచ్చితంగా ఉండాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి, బరువు మారడం, అలసట, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం, మాటా నడకా నెమ్మదించడం లేదా కాలు ఒకచోట నిలవకపోవడం, "నావల్ల అందరికీ కష్టం" అనే భావన, చావు ఆలోచనలు. మొత్తం తొమ్మిదిలో ఐదు ఉండి, వాటివల్ల ఇంటి పనో ఉద్యోగమో చదువో దెబ్బతింటుంటే అప్పుడు డిప్రెషన్ అంటాం. పరీక్షలో మార్కులు తగ్గి నాలుగు రోజులు డల్‌గా ఉండటాన్ని అనం. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఒకటుంది, 0 నుంచి 27 వరకు స్కోర్ వస్తుంది, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎవరికైనా చూపించుకోవడం మంచిది, అయితే ఫోన్లో నింపుకుని మనకి మనమే జబ్బు తేల్చేసుకోవడానికి మాత్రం కాదు అది.

మగవాళ్ళలో ఇంకోలా కనిపిస్తుంది. చిన్నదానికే కస్సుమనడం, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, రోజూ మందు. భార్య వచ్చి "ఈయన మనిషే మారిపోయాడండి" అంటుంది, ఆయనేమో "నాకేం, నాకేం లేదు" అంటాడు. అలాంటివాళ్ళని నేను దిగులు గురించి అడగను, చివరిసారి దేనికి మనసారా నవ్వారు అని అడుగుతా. చాలాసేపు ఆలోచించి, ఏమీ చెప్పలేక, ఫ్యాన్ వైపు చూస్తారు.

ఇంకో మాట, టెస్టులన్నీ దండగ అనట్లేదు నేను. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూడాల్సిందే, వీటి తేడావల్ల కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ మూడూ చేయించకుండా స్కాన్లు మూడు చేయించుకొచ్చినవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

అపోహ: "మీకేం తక్కువండి? సొంతిల్లు, బంగారం లాంటి పిల్లలు..."

ఈ మాట అన్నవాళ్ళు మంచి ఉద్దేశంతోనే అంటారు, విన్నవాళ్ళు మాత్రం రెండింతలు కుంగిపోతారు, ఎందుకంటే వాళ్ళు కూడా లోపల అదే అనుకుంటున్నారు కదా, "అన్నీ ఉన్నా ఇలా ఉన్నానంటే నాదే తప్పు" అని. కుటుంబంలో ఎవరికైనా ఉండటం, చిన్నప్పటి దెబ్బలు, ప్రసవం, దీర్ఘకాలపు జబ్బు, అప్పు, ఒంటరితనం, ఇలా చాలా కలిసి వస్తుంది, ఒక్కోసారి ఏ కారణమూ పైకి కనపడదు. షుగర్ వచ్చినాయన్ని "మీకేం తక్కువని షుగర్ వచ్చింది" అని అడగం కదా.

బాలింతల సంగతి విడిగా చెప్పాలి. కాన్పు అయిన మొదటి వారంలో ఊరికే కళ్ళనీళ్ళు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. పోకపోతే, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, "అందరం కనలేదా" అని అత్తగారూ అమ్మా సర్దిచెప్పడం ఆపి చూపించాలి. పాలిచ్చే తల్లులకి ఇవ్వగలిగిన మందులు ఉన్నాయి.

అపోహ: పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది

సర్దుకోదు. ఇంకో మనిషి జీవితం కూడా అందులోకి వస్తుంది, అంతే.

అపోహ: గాలి సోకింది, దిష్టి తగిలింది

నేను దీంతో గొడవ పెట్టుకోను. దర్గాకి వెళ్తామంటే వెళ్ళిరండి, తాయెత్తు కట్టించుకుంటామంటే కట్టించుకోండి, టాబ్లెట్ మాత్రం ఆపకండి, వచ్చే బుధవారం సెషన్ మానకండి అంటా. కొట్టేచోటికీ, గొలుసులు వేసేచోటికీ వద్దు, అక్కడ మాత్రం గట్టిగానే చెప్తా.

అపోహ: ఆ మందులు మొదలెడితే జీవితాంతం మింగాలి, మత్తుకి అలవాటు పడిపోతారు

మందులు రాసేది నేను కాదు, సైకియాట్రిస్ట్. కానీ ఈ భయాన్ని తీర్చేది ఎక్కువగా నేనే. ఈ అపోహకి ఒక అసలు కారణం ఉంది. మన దగ్గర నిద్ర పట్టట్లేదు, గాభరా అంటే చాలు చాలాచోట్ల ఆల్‌ప్రజోలం రాసేస్తారు, ఇంకా పాత చీటీతోనే మెడికల్ షాపులో ఏళ్ళ తరబడి కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు. అది నిజంగానే అలవాటయ్యే మందు, డాక్టర్ చెప్పిన కొద్దిరోజులకే వాడాలి. డిప్రెషన్‌కి అసలు మందులు అవి కావు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుఓక్సెటిన్ లాంటివి వేరే రకం, వీటికి మత్తు ఉండదు, ఇంకా ఇంకా కావాలనిపించదు.

తిరకాసు ఏంటంటే ఇవి వెంటనే పనిచెయ్యవు. మొదటివారం కడుపులో వికారం, కాస్త గాభరా ఉండొచ్చు, గుణం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ముందు సైడ్ ఎఫెక్ట్, తర్వాత ఎఫెక్ట్. మనవాళ్ళు సరిగ్గా పదో రోజున "ఈ మందు పడలేదండి" అని ఆపేస్తారు. ఇంకో రకం, బాగైపోయిందని రెండో నెలలో ఆపేసేవాళ్ళు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే పూర్తిగా తగ్గాక కూడా సుమారు ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు, తర్వాత డోస్ మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. టక్కున ఆపితే తల తిరగడం, కరెంట్ షాక్ కొట్టినట్టు అనిపించడం ఉండొచ్చు. ఇంకోటి, ఎప్పుడైనా రోజుల తరబడి నిద్రలేకుండా హుషారుగా తిరగడం, విపరీతంగా ఖర్చుపెట్టడం జరిగుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి, అది బైపోలార్ (కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు మితిమీరిన హుషారు) కావచ్చు, దాని వైద్యం వేరు.

అపోహ: థెరపీ అంటే మాటలేగా, మా ఫ్రెండ్‌తో మాట్లాడుకుంటా

మాట్లాడుకోండి, ఫ్రెండ్ ఉండటం అదృష్టం. కానీ ఫ్రెండ్ మూడో నిమిషానికి సలహా ఇస్తాడు, "పాజిటివ్‌గా ఆలోచించరా" అంటాడు. నేను సలహాలు ఇవ్వను, వచ్చినవాళ్ళకి మొదట్లో అదే అసంతృప్తి, "ఫీజు తీసుకుని హోంవర్క్ ఇస్తుందేంటి ఈవిడ" అని.

ఒకావిడ టైలరింగ్ చేసేవారు, ఆరు నెలలుగా మెషిన్ మీద గుడ్డ కప్పేసి ఉంది. ఓపిక వస్తే కుడతా అనేవారు. డిప్రెషన్‌లో కీలకం ఇక్కడే ఉంది, పని ఆగితే మనసుకి వచ్చే చిన్నచిన్న సంతోషాలు కూడా ఆగిపోతాయి, దాంతో ఇంకా నీరసం, ఇంకా మంచం. కాబట్టి ఓపిక వచ్చాక పని కాదు, పని మొదలెడితే ఓపిక వస్తుంది. మొదటివారం ఆవిడకి ఇచ్చిన పని మెషిన్ మీద గుడ్డ తీసి మడతపెట్టడం, అంతే. రెండో వారం బాబిన్‌కి దారం చుట్టడం. మూడో వారం పక్కింటావిడ చీరకి ఫాల్. రోజూ ఏ పని చేశారు, చేశాక మనసు పదికి ఎంత ఉంది అని నోట్‌బుక్‌లో రాయాలి. పదకొండో సెషన్‌కి ఆవిడ "దసరా ఆర్డర్లు ఉన్నాయండి, వచ్చేవారం రాలేను" అన్నారు, నాకు వచ్చిన మంచి క్యాన్సిలేషన్లలో అదొకటి.

దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో దీన్నే హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్ అని పెట్టి, సైకాలజీ డిగ్రీ లేని మామూలు మనుషులకి ట్రైనింగ్ ఇచ్చి, పీహెచ్‌సీల్లో ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేయిస్తే తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళు కూడా మెరుగుపడ్డారు, 2017లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఆ స్టడీ. ఆలోచనల తీరు మీద పనిచేసే సీబీటీ ఇంకో పద్ధతి. తీవ్రత ఎక్కువుంటే మందూ థెరపీ రెండూ కలిపి, తక్కువుంటే థెరపీ ఒక్కటే సరిపోవచ్చు. మూడు నాలుగు సెషన్లకి మీకు ఈ మనిషితో కుదరట్లేదు అనిపిస్తే మొహమాటపడకండి, ఇంకొకరి దగ్గరికి మారండి, మేమేం అనుకోం.

అపోహ: బోర్డు మీద కౌన్సెలర్ అనుంటే చాలు

జాగ్రత్త. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ గానీ డిప్లొమా గానీ చేసిన డాక్టర్. క్లినికల్ సైకాలజిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడగండి, నన్ను కూడా అడగండి. కౌన్సెలర్ అనే మాట మాత్రం ఎవరు పడితే వాళ్ళు రాసేసుకుంటున్నారు, మూడ్రోజుల కోర్సు చేసి "సబ్‌కాన్షియస్ మైండ్‌తో 21 రోజుల్లో డిప్రెషన్ మాయం" అనేవాళ్ళు చాలామంది తయారయ్యారు. డబ్బుల్లేకపోతే జిల్లా ఆస్పత్రిలో, గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ, విశాఖ ఆస్పత్రుల పేర్లు మనం తిట్లుగా వాడేస్తాం గానీ అక్కడ కూడా రోజూ ఓపీకి వచ్చి మందులు తీసుకుని ఇంటికెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుంది

అవ్వదు. సూటిగా, నెమ్మదిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని. చాలామంది ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు, అడగ్గానే ఏడ్చేస్తారు, భారం దిగుతుంది. అవునంటే లెక్చర్ ఇవ్వద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు, టాబ్లెట్లు చేతికందకుండా వేరేచోటికి మార్చేయండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ప్రాణాపాయం అనిపిస్తే 108. టెలీ మానస్ 14416 అనే హెల్ప్‌లైన్ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలెట్టింది, ఇరవై నాలుగ్గంటలూ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే 988. పోలీసు కేసు భయంతో దాచిపెట్టకండి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు.

అపోహ: ఒకసారి తగ్గితే ఇక రాదు

రావచ్చు. అందుకే చివరి సెషన్లో ప్రతివాళ్ళతో ఒక కాగితం రాయిస్తా, మళ్ళీ మొదలవుతోందని అందరికంటే ముందు దేన్నిబట్టి తెలుస్తుంది అని. ఒకాయన "గడ్డం గీసుకోవడం మానేస్తా" అని రాశారు. ఆ టైలర్ గారు ఇంకా బాగా రాశారు, "వరుసగా మూడ్రోజులు పూలు పెట్టుకోకపోతే." ఆ కాగితం ఫోటో తీసి వాళ్ళాయన ఫోన్లో పెట్టుకున్నారు, కింద నా నంబర్ రాసి.