ఫ్రీడమ్ పార్కులో ఒక తెలుగింటి కథ

బెంగళూరులో ధర్నాకు కూర్చోవాలంటే ఇప్పుడు ఒకటే చోటు, శేషాద్రి రోడ్డు పక్కన ఉన్న ఫ్రీడమ్ పార్కు. ఒకప్పుడది సెంట్రల్ జైలు. 2000లో ఖైదీలను పరప్పన అగ్రహారకు తరలించారు, 2008లో పార్కుగా తెరిచారు. నిరసన తెలపడానికి సర్కారు చూపించిన జాగా పాత జైలు ఆవరణే కావడం ఎవరి చమత్కారమో గానీ, ఎమర్జెన్సీలో ఆ జైల్లో ఎనిమిది నెలలున్న నటి స్నేహలతారెడ్డి వింటే నవ్వుకునేదేమో.

1975లో ఎమర్జెన్సీ పెట్టిన రోజు జూన్ 25. ఏటా అది దగ్గరపడగానే ఆమె పేరు వినిపిస్తుంది. 2024లో కేంద్రం ఆ రోజును ‘సంవిధాన్ హత్యా దివస్’గా, అంటే రాజ్యాంగాన్ని హత్య చేసిన రోజుగా ప్రకటించాక మరీ ఎక్కువ. ఆమె ఎలా చనిపోయిందో అందరూ చెబుతారు. ఏ ఇంటి మనిషో మాత్రం తెలుగువాళ్లం కూడా చెప్పుకోం. ఆమె భర్త మన పఠాభి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో ఛందస్సు మీదికి కర్రెత్తిన నెల్లూరు కవి, తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. ఆయన్ని కవిత్వ చరిత్రలోనూ, ఆమెను ఎమర్జెన్సీ చరిత్రలోనూ పెట్టేసి, ఇద్దరిదీ ఒకే ఇల్లన్న సంగతి మరిచిపోయాం.

మద్రాసులో ఆయనది సినిమా, ఆమెది నాటకం. ‘మద్రాస్ ప్లేయర్స్’ను మొదలుపెట్టినవాళ్లలో ఆమె ఒకరు. ఇద్దరూ సోషలిస్టు నాయకుడు లోహియా మనుషులు. 1970లో పఠాభి తీసిన కన్నడ చిత్రం ‘సంస్కార’లో చంద్రి పాత్ర వేసింది ఆమే. అగ్రహారాన్ని నిలదీసిన ఆ చిత్రాన్ని మద్రాసు సెన్సారు మొదట ఆపేసింది. తర్వాత అదే ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది.

వాళ్ల స్నేహితుల్లో సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ ఒకరు. ఎమర్జెన్సీలో ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాక పోలీసుల చూపు ఈ ఇంటి మీద పడింది. 1976 మే 2న ఫెర్నాండెజ్, ఆయన మనుషులు డైనమైట్‌తో పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసు పేరుతో ఆమెను పట్టుకున్నారు. అంతకు నాలుగు రోజుల ముందే, ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ ఉండగా నిర్బంధంలో ఉన్నవాళ్లు తమను విడిపించమని కోర్టుకెక్కే వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. అయిదుగురు జడ్జీల్లో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఇంట్లోవాళ్లకు ఇక ఏ తలుపు తట్టాలో తెలియని రోజులవి. చివరికి ఛార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద లోపలే ఉంచారు.

ఆమెకు ఉబ్బసం. మందూ మాకూ సరిగా అందలేదు. రాత్రిళ్లు ఆమె కేకలు తమ గది దాకా వినిపించేవని తోటి ఖైదీ మధు దండవతే తర్వాత రాశారు. అయితే ఆమె జైలు డైరీలో సొంత బాధ ఒక్కటే లేదు. ఆడ ఖైదీలను కొట్టొద్దని, తిండి బాగుండాలని, తాగడానికి నీళ్లివ్వాలని ఆమె పోట్లాడింది. వాళ్లెవరూ రాజకీయ ఖైదీలు కారు. ఎమర్జెన్సీ ఉన్నా లేకపోయినా దెబ్బలు తినేవాళ్లే. జూన్ సభల్లో ఈ ముక్క ఎవరూ ఎత్తరు.

1977 జనవరి 15న పెరోలు మీద వదిలారు. 18న ఇందిర ఎన్నికలు ప్రకటించారు. 20న స్నేహలత పోయింది.

చట్టం తప్పు దిద్దుకోవడానికి చాలా కాలం పట్టింది. ఎమర్జెన్సీలోనూ ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును రద్దు చేయకూడదని 1978లో 44వ సవరణ వచ్చింది. 1976 తీర్పును మాత్రం 2017లో గానీ కొట్టేయలేదు. అదీ బెంగళూరు వాసి, రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి వేసిన కేసులో. నాటి తీర్పు ఇచ్చిన నలుగురిలో వై.వి. చంద్రచూడ్ ఒకరు, దాన్ని తోసిపుచ్చినవాళ్లలో కొడుకు డి.వై. చంద్రచూడ్ ఒకరు. వారసత్వమంటే ఇలా కూడా ఉంటుంది.

పఠాభి 2006 దాకా ఉన్నారు. కొడుకు కోణార్క్ గిటారిస్టు. కూతురు నందన కార్మిక సంఘాల్లో పనిచేసి, తర్వాత పనిలోకి నెట్టిన పిల్లల వైపు నడిచింది. ‘కన్సర్న్డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్’ సంస్థ అలా పుట్టింది. దాని అండతో కర్ణాటకలో ఆ పిల్లలు ‘భీమ సంఘ’ పెట్టుకున్నారు. వాళ్లకేం కావాలో వాళ్లే అడిగే సంఘమది.