పిల్లలకు జపాన్ నాట్యం: అపోహలు - వాస్తవాలు

టోక్యోలో మా సెన్సేయి (గురువు) దగ్గర నిహోన్ బుయో అనే జపాన్ సంప్రదాయ నాట్యం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆవిడ పిల్లల క్లాసులో సాయం చేస్తున్నాను. ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల నుంచి తరచూ వినే మాటలకు నా జవాబులు ఇవి.

అపోహ: ఇది గెయిషాల నాట్యం.

విందుల్లో ఆటపాటలతో అలరించే గెయిషాలూ చేస్తారు. కానీ దీని మూలాలు చాలావరకు కబుకి అనే సంప్రదాయ నాటకరంగంలో ఉన్నాయి. హనయగి, ఫుజిమ, వకయగి, నిషికవ, బందో అనేవి ఐదు పెద్ద శాఖలు. వీటిలో బడిపిల్లల నుంచి రిటైరైనవాళ్ల దాకా అందరూ నేర్చుకుంటారు.

అపోహ: ఆ వంశంలో పుట్టినవాళ్లకే నేర్పుతారు.

కబుకి రంగస్థలం మీద వారసత్వానిదే పైచేయి. మా దగ్గరా శాఖకు పెద్దగా ఉండే ఇయెమోతో స్థానం ఎక్కువగా ఒకే కుటుంబంలో సాగుతుంది. శిష్యులకు ఆ అడ్డు లేదు. తగిన స్థాయికి వచ్చాక శాఖ ఇంటిపేరుతో కలిపి ఒక కళానామం ఇస్తారు. ఆ పేరు అందుకున్నవాళ్లను నతోరి అంటారు. మగపిల్లలూ వస్తారు. అబ్బాయైనా అమ్మాయైనా ఆడ, మగ పాత్రల నడకలు రెండూ నేర్చుకోవాల్సిందే.

అపోహ: జపాన్ గురువులు తిట్టి, భయపెట్టి నేర్పుతారు. లేకపోతే విద్య రాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే. ‘నో’ అనే పాత జపాన్ నాటకకళకు రూపమిచ్చిన జెయామి 600 ఏళ్ల కిందటే దీని గురించి రాశాడు. ఏడో ఏట శిక్షణ మొదలుపెట్టమన్నాడు. ఆ వయసులో పిల్లాడు తనంతట తాను ఎలా చేస్తే అలా చేయనివ్వమన్నాడు. ఇది బాగుంది, అది బాలేదని మరీ పట్టిపట్టి చెబితే పిల్లాడి ఉత్సాహం చచ్చిపోయి విద్య అక్కడే ఆగిపోతుందన్నాడు. మన అక్షరాభ్యాసం లాగే ఇక్కడా ఒక ఆనవాయితీ ఉంది: ఆరో ఏట, ఆరో నెల, ఆరో తేదీన కళ మొదలుపెడితే అచ్చొస్తుందని.

కఠినంగా ఉండే గురువులు లేరని అనను. కానీ టెన్షన్ పడే పిల్లల భుజాలు పైకి లేస్తాయి. మేం ముందు దించమనేది ఆ భుజాలనే. క్రమశిక్షణ వేరే సంగతి. మోకాళ్ల మీద కూర్చుని, మూసిన విసనకర్రను ముందు అడ్డంగా పెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి వంగి నమస్కరించాకే పాఠం మొదలవుతుంది. చిన్న పిల్లలు దీన్ని ఎంత శ్రద్ధగా చేస్తారో చూడాల్సిందే.

అపోహ: వీడియోలు ఉన్నాయిగా, చూసి నేర్చుకోవచ్చు.

ఏ అడుగు తర్వాత ఏ అడుగో ఇంట్లో గుర్తుచేసుకోవడానికి వీడియో మంచిదే. క్లాసులో గురువు పిల్లలకు ఎదురుగా నిలబడి, కుడి ఎడమలు మార్చి ఆడతారు. వాళ్లు అద్దంలో చూసినట్టు అనుసరిస్తారు. నడుము దిగకపోతే ఆవిడ వెంటనే చేత్తో పట్టి సరిచేస్తారు. నాట్యానికి వాడే విసనకర్రలో పుల్లలు కలిసే చోట సీసం బరువు ఉంటుంది. దాన్ని వేళ్ల మధ్య తిప్పేటప్పుడు ఆ బరువు ఎటు వాలుతోందో చేతికే తెలియాలి. వీడియోలో అది కనబడదు.

కూచిపూడి నేర్చుకున్న పిల్లలకు ఇంకో కష్టం. అరమండిలో మోకాళ్లు బయటికి తెరుచుకుంటాయి. ఇక్కడ స్త్రీ పాత్రకు మోకాళ్లు దగ్గరకు చేర్చి, కాలివేళ్లు లోపలికి తిప్పి, అడుగు ఎత్తకుండా జారుతూ నడవాలి. ఆ పాత అలవాటు పోవడానికి టైమ్ పడుతుంది, తొందరపెట్టకండి. నెమ్మదిగా ఉంది కాబట్టి సులువే అనుకునే పెద్దలు, మోకాళ్లు వంచి గది చివరిదాకా ఒకసారి అలా నడిచి చూడండి.

ఇక ఖర్చు. "లక్షలు పోయాలి" అన్న మాటలో సగం నిజం ఉంది. మొదట్లో ఒక యుకాత (పలుచని నూలు కిమోనో), తబి మేజోళ్లు, విసనకర్ర ఉంటే చాలు. పిల్లల కిమోనోకు భుజాల దగ్గర, నడుము దగ్గర మడత వేసి కుడతారు. ఎదిగేకొద్దీ ఆ కుట్టు విప్పుతారు. పెద్ద స్టేజి ప్రదర్శనకు మాత్రం దుస్తుల అద్దె, విగ్గు, మేకప్, సంగీత బృందం అన్నీ కలిసి బరువే అవుతుంది. నతోరి పేరు తీసుకోవడానికీ డబ్బు కట్టాలి. ఈ లెక్క గురువులు చేరేరోజే చెప్పాలని నా అభిప్రాయం. మధ్యలో తెలిసి మానేసే కుటుంబాలు ఉన్నాయి. పిల్లలు తల్లిదండ్రులతో కలిసి సంప్రదాయ కళలు నేర్చుకునే తరగతులకు జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక శాఖ సాయం చేస్తుంది. మీ వార్డు ఆఫీసులో అడగండి. ముందు అక్కడ చేర్చి, నచ్చితే అప్పుడు గురువును వెతుక్కోవచ్చు.