బావురుపిల్లి చెరువు గట్టెందుకు ఎక్కుతోంది?

కాకినాడ దగ్గరి తాళ్లరేవు, కోరింగ వైపు రొయ్యల చెరువుల కాపలావాళ్లు రాత్రిపూట చూశామనే ‘చిరుతపిల్ల’ చాలాసార్లు బావురుపిల్లే, అంటే చేపలు పట్టే అడవిపిల్లి (ఫిషింగ్ క్యాట్). ఊరపిల్లికి రెట్టింపు ఒళ్లు, వరుసలు కట్టిన నల్లమచ్చలు, పొట్టి తోక. ముందుకాళ్ల వేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. చేపను నీళ్లలోనే ఒడిసిపట్టడానికి తగ్గ కాళ్లు. కోరింగ అభయారణ్యం వదిలి అది గట్టు మీదికి ఎందుకొస్తోందో తెలియాలంటే ముందు నీళ్ల సంగతి చూడాలి.

గౌతమీ పాయ సముద్రంలో కలిసేచోట చిన్నచిన్న కాలువలుగా చీలి బురదనేలను దిబ్బలు దిబ్బలుగా కోసింది. వాటి మీదే మడ అడవి. వాటికి తూర్పున, గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా రెండు వందల ఏళ్లలో పెరిగిందే సుమారు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్. ఇవాళ కాకినాడ రేవు మీదికి అలలు రాకుండా ఆపుతున్నది ఈ ఇసుకదిబ్బే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నదినీళ్లు పంటకాలువలకు మళ్లాయి. డెల్టా పండింది, సరే. కానీ ఎండాకాలంలో మడ అడవికి మిగిలింది ఎక్కువగా పోటునీళ్లే. మడచెట్ల రకాల్లో, ఉప్పు పెరిగినచోట నల్లమడ వెనక్కి తగ్గుతుంది, తెల్లమడ తట్టుకుని నిలబడుతుంది.

దాన్ని మించిన దెబ్బ కూపు నరుకుడు. వంటచెరకు కోసం అడవిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ మొదలంటా కొట్టేసేవారు. నీడ పోయిన బురద ఎండకు ఆరి కుంగుతుంది. నేల మధ్యలో పళ్లెంలా లోతవుతుంది. అమావాస్య, పౌర్ణమి పోటుకు ఎక్కిన నీళ్లు మళ్లీ దిగిపోలేక అక్కడే నిలిచి ఆవిరవుతాయి, ఉప్పు పేరుకుంటుంది. ఇక విత్తనం పడినా మొలవదు. మొక్క లేనిచోట పీతలూ చేపపిల్లలూ తగ్గుతాయి, వాటి మీద బతికే పిల్లికీ నీటికుక్కకూ ఆ దిబ్బతో పని ఉండదు. 1978 జులై 5న 235.70 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించే నాటికి ఇలాంటి బోడి నేలలు లోపల చాలానే ఉన్నాయి.

వీటిని బాగుచేసే పద్ధతి చూడటానికి చేపముల్లులా ఉంటుంది. కాలువ నుంచి సుమారు మీటరు లోతున పెద్ద పిల్లకాలువ తవ్వి, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్నవి కలుపుతారు. పైన వెడల్పు, అడుగున ఇరుకు. మొక్కను కాలువ వాలు మీద నాటాలి. అడుగున నాటితే మునిగి కుళ్లుతుంది, గట్టు మీద నాటితే ఎండుతుంది. చాలాచోట్ల పని చెడేది నాటడంలో కాదు, తర్వాత. ఒండ్రు పూడి కాలువ మూసుకుపోతే నేల మళ్లీ ఉప్పుపళ్లెమే. పూడిక తీతకు డబ్బు పెట్టకుండా మొక్కల లెక్క చెప్పుకోవడం మన అలవాటు.

ఈలోగా 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య వచ్చింది. అభయారణ్యం అంచు దాకా చెరువులు లేచాయి. తీరానికి మరీ దగ్గరగా రొయ్యల చెరువులు వద్దని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా, తర్వాత వనామి అనే రొయ్యరకం సాగు ఆ పట్టీని ఖాళీగా ఉంచలేదు. బావురుపిల్లికి ఇది తేలిక వేట: లోతు తక్కువ, చేప ఎక్కువ. పక్కనే కాకినాడ–యానాం రోడ్డు. ఉచ్చులూ కుక్కలూ బండ్లూ అన్నీ ఈ అంచులోనే ఉన్నాయి.

2018 లెక్కలో కోరింగలో 115 బావురుపిల్లులని తేల్చారు. మచ్చల వరుస ఏ రెండు పిల్లులకూ ఒకేలా ఉండదు కాబట్టి కెమెరా బొమ్మలతో ఒక్కోదాన్నీ గుర్తుపట్టొచ్చు. కానీ మడలో కెమెరా కట్టడం తంటా. పిల్లి ఎత్తుకు కడితే పెద్దపోటుకు మునుగుతుంది. పైకి కడితే ఒంటి పక్క మచ్చలు సరిగా పడవు. కొమ్మ ఊగినప్పుడల్లా ఫ్లాష్ కొట్టి బ్యాటరీ అయిపోతుంది, ఉప్పుగాలికి మూత తుప్పు పడుతుంది. నీటికుక్కలకు మచ్చలు లేవు, ఈ పద్ధతి పనికిరాదు. గుంపంతా ఒకేచోట వేసే పొలుసుల పెంట గట్టున దొరికితే అవి తిరుగుతున్నాయని చెప్పగలం, ఎన్నో చెప్పలేం.

హోప్ ఐలాండ్ కథ వేరు. అక్కడ మడకంటే ఇసుకే ఎక్కువ, గొడవ నక్కతో. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డెక్కి ఒక్కో గుంటలో వంద పైచిలుకు గుడ్లు పెడతాయి. నక్క వాసన పట్టి ఆ రాత్రే తవ్వేస్తుంది. అందుకే గుడ్లను పెట్టిన కొద్ది గంటల్లోనే తీసి, కుదుపు లేకుండా, పైవైపు పైనే ఉండేలా హేచరీకి చేర్చి అంతే లోతున పాతుతారు. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, తిప్పితే చస్తుంది. చుట్టూ వల కట్టి, వల అంచును ఇసుకలోకి దింపకపోతే నక్క కిందినుంచి తవ్వుతుంది. దీవిలో జాలరి గూడెం ఉంది, ఊరకుక్కలూ ఉన్నాయి. తవ్వి వదిలేసిన గుంట దగ్గర అడుగులు చెరిగిపోయి ఉంటే నేరం నక్క మీదే పడుతుంది.