సముద్రంలో మందులు వెతికే పని: అపోహలు - వాస్తవాలు

బ్రాడీపేటలో ఎవరింటికి వెళ్లినా ఇదే ప్రశ్న: "సముద్రమే లేని గుంటూరులో సముద్ర జీవుల పరిశోధన ఏంటమ్మా?" తెల్లవారుజామున బయల్దేరితే, నిజాంపట్నం రేవులో బోటువాళ్లు వలలు దులిపే వేళకు అక్కడ ఉంటాను. మందుల పరిశోధన కోసం స్పాంజిలు (రాళ్లకు అంటుకుని బతికే సముద్ర జీవులు), నత్తలు సేకరిస్తాను.

అపోహ: మందుకు పనికొచ్చేవన్నీ లోతు సముద్రంలోనే ఉంటాయి.

వాస్తవం: తీవ్రమైన నొప్పికి వెన్నులోకి ఎక్కించే జైకోనోటైడ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. దానికి మూలం లోతు తక్కువ నీళ్లలో తిరిగే కోన్ నత్త విషం. క్యాన్సర్ మందు ట్రాబెక్టెడిన్ మొదట దొరికింది కరీబియన్‌లో మడచెట్ల వేళ్లకు అంటుకుని పెరిగే ఓ మెత్తటి జీవిలో. మన మడ అడవుల బురదలో దిగినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

అపోహ: మందు కావాలంటే జీవుల్ని టన్నులకొద్దీ తోడెయ్యాలి.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడు బాధేస్తుంది. 1980లలో జపాన్ శాస్త్రవేత్తలకు 600 కిలోల స్పాంజి నుంచి దక్కిన హాలికాండ్రిన్-బి (క్యాన్సర్ కణాల్ని అడ్డుకునే పదార్థం) 12.5 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. ఆ లెక్కన రోగులకు సరిపడా మందు తీయాలంటే సముద్రంలో ఆ స్పాంజే మిగలదు. అందుకే రసాయన శాస్త్రవేత్తలు ఆ అణువులో పనిచేసే భాగాన్ని ల్యాబ్‌లో కట్టారు. అదే ఎరిబులిన్. రొమ్ము క్యాన్సర్‌కు 2010 నుంచి వాడుతున్నారు. జైకోనోటైడ్ తయారీ కూడా ల్యాబ్‌లోనే. కాబట్టి మాకు కొద్దిగా ఉంటే చాలు. స్పాంజి మొదలు రాయికే వదిలి, పైన ముక్క కోసుకుంటాం, మళ్లీ పెరగడానికి. ఒకసారి ఓ బోటు అన్న ప్రేమగా గోనెసంచి నిండా తెచ్చాడు. ఏ లోతులో, ఎక్కడ తగిలిందో ఆయనకే తెలియదు. దండం పెట్టి వద్దన్నాను.

అపోహ: లోతు జీవులు పైకి రాగానే పేలిపోతాయి.

వాస్తవం: గాలితిత్తి ఉన్న చేపలకే ఆ ప్రమాదం. మిగతా వాటిలో చాలావాటిని చంపేది పైనీటి వేడి. అందుకే చల్లదనం పోని మూతపెట్టెల్లో తెస్తారు.

అపోహ: సముద్రం అందరిదీ, ఏదైనా తెచ్చుకోవచ్చు.

వాస్తవం: పగడాలు, సముద్ర గుర్రాలు వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి. అనుమతి లేకుండా సేకరించడం నేరం.

అపోహ: సీసాలో వేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది, స్పిరిట్ వాడాలి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యాలి. చదువుకునే రోజుల్లో పెన్నుతో రాశాను. వారం తిరిగేసరికి స్పిరిట్‌లో సిరా కరిగి చీటీలన్నీ తెల్లబడ్డాయి. పదకొండు సీసాలు. ఏది ఎక్కడిదో చెప్పలేక అన్నీ పక్కన పెట్టేశాను.