ఇంటికి పది గంటల దూరం

తుఫాను వార్తల చివర వచ్చే "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అనే వాక్యం ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన చెవిన పడుతూనే ఉంటుంది. అది ఒడ్డున ఉన్నవారికి చెప్పే మాట. మూడు రోజుల కిందటే ఐసు, డీజిలు, బియ్యం నింపుకుని బయలుదేరి, ఈపాటికి తీరానికి 150 కిలోమీటర్ల దూరంలో వల వేసి ఉన్న మరబోటుకు ఆ మాటతో పనిలేదు. ఆ బోటు వేసుకోవలసిన లెక్క వేరు. మామూలు మరబోటు ప్రశాంతమైన సముద్రంలో గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి, ఆ దూరం నుంచి రేవు చేరడానికి తక్కువలో తక్కువ పది గంటలు పడుతుంది. గాలీ కెరటమూ ఎదురైతే వేగం సగానికి పడిపోయి అదే ప్రయాణం ఇరవై గంటలవుతుంది. నడిసముద్రంలో తుఫానుకు చిక్కడమంటే, కబురు అందిన క్షణానికీ గాలి విరుచుకుపడే క్షణానికీ మధ్య ఆ పది గంటలు దొరకకపోవడమే.

2017లో ఓఖీ తుఫాను విషయంలో జరిగింది ఇదే. నవంబరు 29న శ్రీలంకకు ఆగ్నేయంగా ఒక వాయుగుండం ఏర్పడి, ఆ ద్వీపాన్ని దాటి సాయంత్రానికి కన్యాకుమారి సముద్రంలోకి వచ్చింది. 30వ తేదీ వేకువకు అది తీవ్ర వాయుగుండమైంది, అదే పూట తుఫానుగా మారింది. డిసెంబరు 1 వేకువకు తీవ్ర తుఫాను, మధ్యాహ్నానికి అతి తీవ్ర తుఫాను అయ్యింది. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 చేరితే తీవ్ర తుఫాను, 118 చేరితే అతి తీవ్ర తుఫాను. ఈ మూడు మెట్లనూ ఓఖీ రెండు రోజులు తిరగకుండానే ఎక్కింది. భూమధ్యరేఖకు అంత దగ్గరలో, సుమారు 8 డిగ్రీల అక్షాంశం వద్ద, భూభ్రమణం గాలిని మెలితిప్పే ప్రభావం బలహీనంగా ఉంటుంది కనుక అక్కడ తుఫాను పుట్టడమే అరుదు, అది అంత వేగంగా బలపడడం ఇంకా అరుదు. కన్యాకుమారి జిల్లా నుంచి, దక్షిణ కేరళ నుంచి వేటకు వెళ్లినవారిలో వందల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. రోజుల ముందే దూరసముద్రానికి వెళ్లిపోయిన బోట్లకు సెల్‌ఫోను అందదు, తీరంలోని వాకీటాకీల మాట కొన్ని పదుల కిలోమీటర్లు దాటి వినిపించదు.

తెలుగువారికి ఈ అనుభవం ఇరవై ఏళ్ల ముందే ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా, కోనసీమ తీరాన్ని దాటిన తుఫాను ఆకారంలో చిన్నది, బలంలో భయంకరమైనది, బలపడిన తీరులో చాలా వేగమైనది. ఆ తుఫానులో చనిపోయినవారూ గల్లంతైనవారూ కలిసి వెయ్యికి పైనే. వారిలో ఎంతోమంది ఆ రోజు సముద్రం మీద ఉన్న మత్స్యకారులు.

కబురు అందకపోయినా సముద్రం తనంతట తాను కొంత ముందే చెబుతుంది. ఆ మాట వినడం తెలిసిన తండేలుకు, అంటే బోటు నడిపించే పెద్దకు, కొన్ని గంటలు కలిసొస్తాయి. దీని వెనుక ఉన్నది కెరటాల భౌతికశాస్త్రం. కెరటం ఎత్తును మూడు విషయాలు నిర్ణయిస్తాయి: గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, ఎంత దూరం మేర నీటిని తోసుకుంటూ వచ్చింది. తుఫాను నడిబొడ్డున ఇవి మూడూ కలిసినప్పుడు నానా రకాల కెరటాలు పుడతాయి. వాటిలో పొడవైనవి మిగతావాటి కంటే వేగంగా బయటికి పరుగెత్తుతాయి. లోతైన నీటిలో ఒక కెరటానికీ తరువాతి కెరటానికీ నడుమ 6 సెకన్లు ఉంటే ఆ గుంపు గంటకు సుమారు 17 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, 14 సెకన్లు ఉంటే దాదాపు 39 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తుఫాను మాత్రం సాధారణంగా గంటకు 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్య కదులుతుంది. అందువల్ల ఆకాశం నిర్మలంగా ఉండి, స్థానికంగా గాలి లేని ఉదయం కూడా బోటు నెమ్మదిగా, బరువుగా, ఉయ్యాల ఊగినట్టు లేచి దిగడం మొదలుపెడుతుంది. అప్పుడు అనుభవజ్ఞుడైన తండేలు బోటు అంచున నిలబడి కెరటం నెత్తి నుంచి నెత్తికి అంకెలు లెక్కపెడతాడు. ఆరు, ఏడు దగ్గర ఆగే లెక్క పన్నెండు, పద్నాలుగు దాకా సాగితే, ఆ కెరటాలు వస్తున్న దిక్కున ఎక్కడో పెద్ద గాలి వీస్తున్నదని అర్థం. దక్షిణ సముద్రాల నుంచి వచ్చే పొడవాటి కెరటాలు కూడా ఇలాగే ఉంటాయి కాబట్టి దిక్కు చూడకుండా ఒక నిర్ణయానికి రాకూడదు.

రెండో సాక్షి వాయుపీడనం. మన ఉష్ణమండలంలో పీడనం ప్రతిరోజూ గడియారం ప్రకారం లేచి పడుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువగానూ, వేకువ నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగానూ ఉంటుంది. ఈ రోజువారీ లయను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, ఆ కాలానికి మామూలుగా ఉండవలసిన పీడనం కంటే 3 మిల్లీబార్లు తగ్గితే జాగ్రత్తపడాలనీ, 5 మిల్లీబార్లు తగ్గితే తుఫాను దగ్గరలో ఉన్నట్టేననీ ఓడ నడిపేవారు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం.

తుఫాను ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి 1857లో డచ్చి శాస్త్రవేత్త బైస్ బలోట్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికివస్తుంది. మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమచేతి వైపు, కొంచెం ముందుకు ఉంటుంది. తుఫాను గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది కనుక, అది కదిలే దారికి కుడివైపున తిరిగే వేగమూ కదిలే వేగమూ కలుస్తాయి. అక్కడ గాలీ కెరటాలూ ఎక్కువ. అంతకంటే ప్రమాదకరమైన సంగతి ఏమిటంటే, కుడివైపు ముందు భాగంలో ఉన్న బోటును ఆ గాలి తుఫాను దారిలోకే నెడుతుంది. 1839 నవంబరులో తుఫానుకు నేలమట్టమైన, కాకినాడ దగ్గరి రేవు కోరంగి గురించి రాసిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతపు ఓడల దినచర్య పుస్తకాలను జతపరిచి చదివి, ఈ సుడి స్వభావాన్ని నావికులకు అర్థమయ్యేలా చెప్పాడు. 'సైక్లోన్' అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక కోరంగి వంటి మన తీరాల విషాదం ఉన్నదని ఇక్కడివారిలో చాలామందికి తెలియదు.

ఇక గాలి వచ్చేసిన తరువాత సంగతి. గాలి తోపుడు దాని వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక 30 కిలోమీటర్ల గాలి 90 అయితే బోటు మీద పడే బలం మూడింతలు కాదు, తొమ్మిదింతలు అవుతుంది. సముద్ర సూచనల్లో "కెరటాల ఎత్తు 4 మీటర్లు" అని చెప్పినప్పుడు అది అన్ని కెరటాలలో పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు మాత్రమే. అదే సముద్రంలో అప్పుడప్పుడూ దాదాపు రెట్టింపు ఎత్తున్న కెరటం లేస్తుంది. ఎత్తు ఒక్కటే అయితే చిన్న బోటు కూడా బెండులా ఎక్కి దిగగలదు. కెరటం నెత్తి విరిగి నీళ్లు ముందుకు కూలినప్పుడు, ఆ సమయానికి బోటు పక్కకు తిరిగి ఉంటే, బోల్తా పడడానికి ఆ ఒక్క కెరటం చాలు. కాబట్టి బోటు ముక్కును కెరటానికి ఎదురుగా, కొంచెం ఏటవాలుగా నిలిపి, చుక్కాని పట్టు తప్పనంత నెమ్మదిగా ఇంజను నడపడమే ప్రాణరక్షణ.

ఇంజను సరిగ్గా అప్పుడే ఆగిపోవడం విధివైపరీత్యం కాదు, దానికి కారణం ఉంది. నెలల తరబడి డీజిలు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, బోటు ఎగిరి పడే కొద్దీ కలియబడి ఫిల్టర్లలోకి చేరి, వాటిని మూసేస్తుంది. ఇంజను ఆగిన నిమిషాల్లో బోటు పక్కకు తిరుగుతుంది. అప్పుడు మోకులకు వలలో కొంత భాగం కట్టి ముందు నుంచి నీళ్లలోకి వదిలితే, ఆ ఈడ్పుకు ముక్కు మళ్లీ కెరటం వైపు తిరిగి నిలిచే అవకాశం ఉంటుంది.

డెక్కు మీద నిలిచే నీరు బయటివారికి కనిపించని శత్రువు. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న డెక్కు మీద ఒక కెరటం 30 సెంటీమీటర్ల లోతు నీరు వదిలిందనుకుందాం. అది నాలుగున్నర ఘనపు మీటర్లు, అంటే నాలుగున్నర టన్నులకు పైగా బరువు. అంత బరువు, అంత ఎత్తులో, కట్టి ఉంచని సరుకులా బోటు ఎటు వాలితే అటే పరుగెడుతుంది, లేచి నిలబడవలసిన బోటును ఇంకా కిందికి వంచుతుంది. ఆ నీరు పోవడానికి పక్క చెక్కల్లో కంతలు ఉంటాయి. వాటికి అడ్డంగా చేపల ట్రేలు పేర్చి ఉన్నా, ఒక పాత వల ముక్క ఇరుక్కున్నా, రెండో కెరటం వచ్చేసరికి మొదటి కెరటం నీరు ఇంకా లోపలే ఉంటుంది. తుఫానుకు ముందు చేయవలసిన పనుల్లో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది అర నిమిషం పట్టే ఈ పని: కంతల్లో చేయి పెట్టి శుభ్రం చేయడం.

గోదావరి మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, బతికేవారికి మరో ప్రమాదం బాగా తెలుసు. రాత్రంతా తట్టుకుని వచ్చిన బోటు ఇల్లు కనిపించే దూరంలో మునిగిపోవడం విచిత్రం కాదు. నీటి లోతు కెరటం ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లకు తగ్గితే కెరటం నిలవలేక విరిగిపోతుంది. 4 మీటర్ల కెరటం 5 మీటర్ల లోతున విరుగుతుందన్నమాట. మొగల ముందు ఇసుక మేటల మీద లోతు అంతకంటే తక్కువ. పైగా వరద నీరు ఎదురు తోస్తూ కెరటాన్ని మరింత నిటారుగా లేపుతుంది. కెరటాలు అలా విరుగుతున్న వేళకు అక్కడికి చేరేలా ఉంటే, లోతు నీటిలోనే ఆగి గాలిని తట్టుకోవడం మేలు కావచ్చు. పొయ్యి దగ్గర ఎదురుచూసే ఇంటి గురించి ఆలోచించే మనిషికి అది ఎంత కష్టమైన నిర్ణయమో వేరే చెప్పనక్కరలేదు.

నీళ్లలో పడినవారిది కూడా గంటల లెక్కే. మన సముద్రం వెచ్చనిదే అయినా దేహం కంటే పది డిగ్రీలు చల్లన, గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా అది ఒంటి వేడిని లాగేస్తుంది. లైఫ్ జాకెట్ చేసే పని ఏమిటంటే, చేతులు ఆడించే శక్తి పోయిన తరువాత కూడా ముఖాన్ని నీటి పైన ఉంచడం. దాహానికి సముద్రపు నీరు తాగితే, ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు తాగినదాని కంటే ఎక్కువ నీటిని ఖర్చు చేస్తాయి.

కబురు చేరని సమస్యకు ఓఖీ తరువాత కొంత జవాబు దొరికింది. సముద్రమే లేని హైదరాబాదులో, ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ, మన సముద్రాల కెరటాల అంచనాలను రోజూ తయారుచేస్తుంది. 2019లో అది ప్రవేశపెట్టిన 'జెమిని' అనే చిన్న పెట్టె, గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా వచ్చే హెచ్చరికను సెల్‌ఫోను తెర మీద చూపుతుంది, తీరానికి ఎంత దూరాన ఉన్నా సరే. అయితే అది వినే పెట్టె, మాట్లాడే పెట్టె కాదు. ఆపదలో ఉన్నామని చెప్పడానికి ఇస్రో రూపొందించిన వేరే పరికరం ఉంది. దాని కొత్త రూపం, మీ కబురు అందిందని తిరిగి జవాబు కూడా పంపగలదు. ఈ రెండూ ప్రతి బోటులోనూ, చార్జింగుతో సహా, ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

హెచ్చరిక వచ్చిన క్షణాన నీళ్లలో కిలోమీటర్ల పొడవున వల పరిచి ఉంటుంది. దాన్ని లాగడానికి మూడు, నాలుగు గంటలు పట్టవచ్చు. అది లక్షల విలువ చేసేది, తరచూ అప్పు చేసి కొన్నది. చేతిలో ఉన్నది పది గంటలు, ప్రయాణమే పది గంటలు. తండేలు ఒకసారి తెర మీది సందేశాన్ని, ఒకసారి ఆగ్నేయం నుంచి బరువుగా లేస్తున్న కెరటాన్ని చూసి, కలాసీని కత్తి తెమ్మంటాడు.