గోడలోని కరెంటు వైర్ల మీద నెట్‌వర్క్: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ వేయడం నా పని. పవర్‌లైన్ ఎడాప్టర్ల గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. కొనబోయేవాళ్లు "గోడలు తొలచక్కర్లేదట కదా, ప్లగ్‌లో పెడితే చాలట కదా" అంటారు. కొన్నవాళ్లు "పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి పడిపోతుంది" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఈ రెండు మాటలకీ మధ్య వైర్లలో ఏం జరుగుతోందో తెలిస్తే, కొనాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. రౌటర్ పక్క సాకెట్‌లో ఒక ఎడాప్టర్ పెట్టి ఈథర్నెట్ కేబుల్‌తో రౌటర్‌కి కలుపుతాం. రెండోదాన్ని అవతలి గదిలో పెట్టి కంప్యూటర్‌కో టీవీకో కలుపుతాం. కరెంటు 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంటే, అదే వైరు మీద ఈ ఎడాప్టర్లు సుమారు 2 మెగాహెర్ట్జ్ నుంచి పైకి ఉన్న ఫ్రీక్వెన్సీల్లో డేటా పంపుకుంటాయి. ఇదంతా బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఆ వైరుని డేటా కోసం వేయలేదు. మెలితిప్పిన జత కాదు, షీల్డింగ్ లేదు, గోడల్లో ఎక్కడ పడితే అక్కడ చీలిపోయి ఉంటుంది.

అపోహ: డబ్బా మీద 1000 అని ఉంటే 1000 మెగాబిట్లు వస్తాయి.

రావు. దగ్గర్లోకి కూడా రావు. అలాగని అది పచ్చి అబద్ధం కూడా కాదు, అదే దీంట్లో చిరాకు తెప్పించే సంగతి. డబ్బా మీద వేసేది రెండు చిప్‌ల మధ్య, అన్నీ అనుకూలించినప్పుడు, వైరు మీద నడవగలిగే ముడి బిట్ల లెక్క. అందులోంచి తప్పులు సరిదిద్దే అదనపు బిట్లు పోతాయి, ప్రతి ముక్క మీదా రాసే చిరునామా లాంటి హెడర్లు పోతాయి, పాడైన ముక్కల్ని మళ్లీ పంపడానికి కొంత పోతుంది. పైగా ఆ అంకె రానూపోనూ కలిపి. వైరు ఒక్కటే కాబట్టి ఒక ఎడాప్టర్ పంపుతున్నప్పుడు రెండోది ఆగాలి.

ఇంకో కిటుకు ఉంది. 500, 600 అని రాసిన ఎడాప్టర్లు చాలావాటికి కింద ఉండే ఈథర్నెట్ పోర్టు 100 మెగాబిట్లదే. వైరు మీద ఎంత వచ్చినా ఆ పోర్టు దాటి బయటికి వచ్చేది 94, 95 దగ్గర ఆగిపోతుంది. కొనేముందు డబ్బా ముందువైపు కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. గిగాబిట్ పోర్టు అని లేకపోతే ముందున్న పెద్ద అంకెని మర్చిపోండి.

అంకెలు ఎలా పెరిగాయో చూస్తే ఇంకొంచెం అర్థమవుతుంది. పవర్‌లైన్ ఎడాప్టర్లు పాటించే ప్రమాణాల్లో ఒకటి హోమ్‌ప్లగ్. 2001లో వచ్చిన హోమ్‌ప్లగ్ 1.0 లెక్క 14 మెగాబిట్లు. 2005 నాటి హోమ్‌ప్లగ్ ఏవీ లెక్క 200. అది 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ వరకూ వాడుకునేది. 2012లో వచ్చిన ఏవీ2 రెండు పనులు చేసింది. 86 మెగాహెర్ట్జ్ దాకా పైకి పోయింది, ఫేజ్-న్యూట్రల్ జతతో పాటు ఎర్త్ వైరుని కూడా డేటాకి వాడుకోవడం మొదలుపెట్టింది. వెయ్యి దాటిన అంకెలన్నీ ఈ రెండింటి పుణ్యమే. కానీ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సిగ్నల్ వైరులో త్వరగా చచ్చిపోతుంది, అందుకే ఆ పైభాగం పక్క గదికి పనికొస్తుంది తప్ప ఇంటి ఆ చివరికి కాదు. ఇక సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉండీ దాని వెనక వైరు లేకపోతే, మీరు డబ్బు పోసి కొన్న ఆ రెండో దారి మూసుకుపోయినట్టే.

అపోహ: కొత్త వైరింగ్, మంచి రాగి. మా ఇంట్లో ఇబ్బంది ఉండదు.

నేను ఎక్కువగా వినేది ఇదే. పాత ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసి, కొత్త ఇంట్లో తేలిపోయిన సెట్లు చూశాను. కారణం రాగి కాదు.

మొదటిది దూరం. కొత్త ఇళ్లలో ఒక్కో గదికి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడి లైను, దానికి విడి ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్. భద్రతకి మంచిదే. కానీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న రెండు సాకెట్ల మధ్య డేటా వెళ్లాలంటే, ఈ గది నుంచి బోర్డు దాకా పోయి, ఒక ఎంసీబీ దాటి, మళ్లీ ఇంకో ఎంసీబీ దాటి, ఆ గదికి రావాలి. కంటికి నాలుగంగుళాల గోడ, కరెంటుకి పదుల మీటర్ల వైరు. ఇంటి ప్లాను చూసి సాకెట్ ఎంచుకుంటే అందుకే తప్పుతుంది. రెండు సాకెట్లూ ఒకే ఎంసీబీ కింద ఉన్నాయా అన్నది చూడాలి.

రెండోది చీలికలు. లైనులో ప్రతి జంక్షన్ దగ్గరా, ఖాళీగా ఉన్న ప్రతి సాకెట్ దగ్గరా సిగ్నల్‌లో కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వనులు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర అసలు సిగ్నల్‌ని మింగేస్తాయి. ఎడాప్టర్లకి ఇది తెలుసు. అందుకే హోమ్‌ప్లగ్ ఏవీ డేటాని తొమ్మిదొందలకి పైగా సన్నని క్యారియర్లుగా, అంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీల దారులుగా, విడగొట్టి, బాగున్న వాటి మీద ఎక్కువ బిట్లు, పాడైన వాటి మీద తక్కువ బిట్లు ఎక్కిస్తుంది. మరీ పాడైతే అసలు వాడదు. పక్క పక్కనే ఉన్న రెండు సాకెట్లలో ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో నీరసపడటం ఇందువల్లే.

మూడోది, అన్నిటికంటే పెద్దది, ఆ లైనులో మీరు పెట్టిన సామాను. ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు, డిమ్మర్లు, బ్రష్ మోటారు ఉన్న ఏ వస్తువైనా. ఇవి రెండు రకాలుగా చెరుపు చేస్తాయి. కొన్ని లైనులోకి రొద వదులుతాయి. కొన్ని రొద వదలకుండా లోపల ఫిల్టర్ కెపాసిటర్ పెట్టుకుంటాయి, ఆ కెపాసిటర్ మన డేటా సిగ్నల్‌ని కూడా రొద అనుకుని అక్కడికక్కడే తాగేస్తుంది. అంటే మంచి కంపెనీ ఛార్జరైనా నష్టమే, నాసిరకం ఛార్జరైనా నష్టమే, కాకపోతే నష్టం వేరు.

సాయంత్రం పడిపోవడం వెనక కథ ఇదే. పగలు లైట్లు ఆరి ఉంటాయి, ఛార్జర్లు ఖాళీ. చీకటి పడగానే అన్నీ ఒకేసారి వెలుగుతాయి. ఒక ఇంట్లో చదువుకునే గదికి పెట్టిన లింకు రోజూ చీకటి పడ్డాక తెగి తెగి వస్తోంది. రెండు చివర్లా రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి, వాటి మధ్య నెట్‌వర్క్ స్పీడు కొలిచే ఐపెర్ఫ్3 అనే ప్రోగ్రాం నడుపుతూ, ఇంటావిడని ఒక్కొక్క స్విచ్ వేయమన్నాను. ఫ్యాన్లు వేశారు, ఫ్రిజ్ మోటారు ఆడింది, పెద్ద తేడా లేదు. హాల్లో ఫాల్స్ సీలింగ్ లోపల దాచిన ఎల్‌ఈడీ పట్టీ స్విచ్ వేయగానే సెకను సెకనుకీ వస్తున్న అంకె కుప్పకూలింది. ఆపితే లేచింది. వేస్తే పడింది. ఆ పట్టీ డ్రైవర్ మార్చాక లింకు నిలబడింది. వైరింగ్ మార్పించాలని ఎస్టిమేట్ దాకా వెళ్లిన ఇల్లది.

ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు, రెండు ల్యాప్‌టాప్‌లు తప్ప వేరే పరికరాలేమీ అక్కర్లేదు. ఐపెర్ఫ్3 ఉచితం. ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ వెబ్‌సైట్లు దీనికి పనికిరావు. అందులో మీ ప్రొవైడర్ లైను కూడా కలుస్తుంది కాబట్టి తప్పు ఎవరిదో తేలదు. ఎడాప్టర్ కంపెనీ ఇచ్చే యాప్‌లో కనిపించే అంకె కూడా ముడి లెక్కే, అందులో సగం చేతికొస్తే సంతోషించండి.

అపోహ: స్పైక్ గార్డ్‌లో పెడితే ఎడాప్టర్‌కి రక్షణ.

ఎడాప్టర్‌కి రక్షణే, డేటాకి ఉరి. స్పైక్ గార్డ్ లోపలి సర్జ్ భాగాలు, ఫిల్టర్లు ఉన్నవే ఎక్కువ ఫ్రీక్వెన్సీని ఆపడానికి. యూపీఎస్ వెనక పెడితే ఇంకా దారుణం. ఎడాప్టర్‌ని నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాలి. సాకెట్ పోతుందని బాధైతే, ముందువైపు సాకెట్ ఉన్న పాస్‌త్రూ రకం తీసుకోండి. ఆ ముందరి సాకెట్‌కి సాధారణంగా లోపల ఫిల్టర్ ఉంటుంది. స్పైక్ గార్డునీ దాని మీది ఛార్జర్ల గుంపునీ అందులో గుచ్చితే వాటి రొద లైనులోకి రావడం కూడా తగ్గుతుంది.

అపోహ: త్రీ ఫేజ్ ఇంట్లో ఒక ఫేజ్ నుంచి ఇంకో ఫేజ్‌కి అసలు వెళ్లదు.

వెళ్తుంది, నీరసంగా. మూడు ఫేజ్‌ల వైర్లు ఒకే పైపులో, ఒకే బోర్డులో పక్కపక్కనే పోతుంటాయి కాబట్టి ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర సిగ్నల్ ఒకదాన్నుంచి ఒకదానికి దూకుతుంది. ఎంత దూకుతుందన్నది ఇంటిని బట్టి. టీవీకి సరిపోవచ్చు, ఆఫీసు పనికి చాలకపోవచ్చు. పెట్టి చూడ్డమే.

అపోహ: స్పీడు చాలకపోతే ఇంకో రెండు ఎడాప్టర్లు కొంటే సరి.

ఇంట్లో ఎడాప్టర్లన్నీ ఒకే వైరుని పంచుకుంటాయి. ఒకే మైకు ఉన్న సభలో వక్తల్ని పెంచితే ఉపన్యాసాలు త్వరగా అవవు, ఇదీ అంతే. పిల్లల గదిలో పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుంటే మీ గది ఎడాప్టర్ వాటా తగ్గుతుంది. మెష్ వైఫై పాయింట్లని (ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే డబ్బాలు) పవర్‌లైన్‌తో కలిపితే వైఫై బాగుపడుతుందనే సలహా కూడా తరచుగా వింటాను. పవర్‌లైన్ లింకు మీ వైఫై లింకు కంటే గట్టిదైతేనే అది లాభం. కొలిచి చూడకుండా చేస్తే బాగున్నదాన్ని పాడుచేసుకున్నట్టు.

అపోహ: వైరే కదా, గేమ్స్‌కి వైఫై కంటే ఎప్పుడూ మేలు.

సగటు పింగ్, అంటే డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, మామూలుగా కొన్ని మిల్లీసెకన్లే, బాగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది సగటు కాదు, మధ్యమధ్యలో వచ్చే ఉలికిపాట్లు. ఎక్కడో మోటారు ఆడుతుంది, ఎడాప్టర్లు ఏ క్యారియర్ మీద ఎంత పంపాలో మళ్లీ కుదుర్చుకుంటాయి, ఆ కాసేపు పాకెట్లు ఆగిపోతాయి. సినిమాకి ఇది తెలియదు, బఫర్ ఉంటుంది. వీడియో కాల్‌లో, గేమ్‌లో తెలుస్తుంది. రెండు గోడల అవతల ఊపిరాడని వైఫైతో పోలిస్తే పవర్‌లైన్ మెరుగే. అదే గదిలో ఉన్న మంచి వైఫైతో పోటీ పెట్టకండి.

అపోహ: మీటరు దగ్గర సిగ్నల్ ఆగిపోతుంది, పక్కింటికి పోదు.

మీటరు డేటాకి గోడ కాదు. అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాటుకి అంతో ఇంతో పోతుంది. కాపాడేది మీటరు కాదు, ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసే తాళం. హోమ్‌ప్లగ్ ఏవీ నుంచి ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ 128 బిట్లతో ఉంది. 1.0 నాటి వాటిలో ఉన్నది 56 బిట్ల డీఈఎస్ అనే పాత, బలహీనమైన రకం, అవి ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే తీసేయండి. అయితే ఏఈఎస్ ఉన్నా తాళం ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఉంచేస్తే అర్థం లేదు. చాలా ఎడాప్టర్లలో ఆ డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఒక్కటే. పక్కింటివాళ్లూ మీరూ ఇద్దరూ దాన్ని మార్చకపోతే, రెండిళ్లూ ఒకే నెట్‌వర్క్ అయ్యే అవకాశం ఉంది. వాళ్ల ప్రింటర్ మీ కంప్యూటర్‌లో కనిపించేది అలాగే. ఎడాప్టర్ మీద పెయిర్ బటన్ ఉంటుంది. ఒకదాని మీద నొక్కి, రెండు నిమిషాల్లోపు రెండోదాని మీద నొక్కితే కొత్త తాళం పడుతుంది. ప్లగ్ పెట్టగానే పనిచేసింది కదా అని చాలామంది ఈ మెట్టు ఎక్కరు.

అపోహ: ఏ కంపెనీదైనా ఏ కంపెనీదానితోనైనా పనిచేస్తుంది.

ఏవీ, ఏవీ2 రకాలు కంపెనీలు వేరైనా మాట్లాడుకుంటాయి. జీ.హెచ్‌ఎన్ అనేది అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ తెచ్చిన వేరే ప్రమాణం, దాని ఎడాప్టర్లకీ హోమ్‌ప్లగ్‌కీ మాటల్లేవు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి నేను జీ.హెచ్‌ఎన్ చెబుతాను. కానీ పాత సెట్‌కి ఒక ముక్క జోడించాలంటే పాత రకమే వెతకాలి.

అపోహ: ఇంట్లో వైర్లే కదా, ఎవరికీ ఇబ్బంది లేదు.

షీల్డింగ్ లేని వైరు మీద ఈ ఫ్రీక్వెన్సీలు పంపితే ఆ వైరు యాంటెనా అవుతుంది. ఇవే ఫ్రీక్వెన్సీల్లో షార్ట్‌వేవ్ రేడియో ఉంది, సరదాకి సొంత రేడియోల మీద మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లు ఉన్నారు. హామ్ బ్యాండ్ల దగ్గర ఎడాప్టర్లు ఖాళీ వదులుతాయి. షార్ట్‌వేవ్ వినేవాళ్లకి మాత్రం పక్కింటి పవర్‌లైన్ గరగరగా వినిపించవచ్చు.

మీ సొంత ఇంటర్నెట్‌కే దెబ్బ తగిలే సందర్భం కూడా ఒకటుంది. టెలిఫోన్ వైరు మీద వచ్చే వీడీఎస్‌ఎల్2 రకాల్లో 17ఏ సుమారు 17.7 మెగాహెర్ట్జ్ దాకా, 30ఏ 30 దాకా వాడుతుంది. సరిగ్గా పవర్‌లైన్ నడిచే చోటే. ఫోన్ వైరూ కరెంటు వైరూ ఆనుకుని పోతే, ఎడాప్టర్ పెట్టగానే బ్రాడ్‌బ్యాండ్ లింకు స్పీడు తగ్గడం, తెగడం చూస్తారు. ఎడాప్టర్లు తీసేసి ఒక రోజు గమనిస్తే తేలిపోతుంది. ఫైబర్ ఉన్నవాళ్లకి ఈ బెడద లేదు.

షాక్ కొడుతుందా, బిల్లు పెరుగుతుందా అని అడిగేవాళ్లకి: కొట్టదు. ఒక్కోటి కొన్ని వాట్లు తింటుంది, కాస్త వెచ్చగా ఉండటం మామూలే.

మరి కొనాలా? కేబుల్ లాగే వీలు ఏ మాత్రం ఉన్నా కేబులే లాగండి. క్యాట్ 5ఈ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, అటూ ఇటూ ఒకేసారి, సాయంత్రమైనా సరే. గోడల్లో పాత టీవీ కోయాక్స్ కేబుల్ ఉంటే, దాని మీద డేటా పంపే మోకా ఎడాప్టర్లు పవర్‌లైన్ కంటే ఎంతో నిలకడ. ఇవి రెండూ కుదరక, వైఫై దాటని గోడ ఉన్నప్పుడు, అవతల ఉన్నది టీవీ, ప్రింటర్, కెమెరా లాంటిదైతే పవర్‌లైన్ పెట్టండి. వాపసు గడువు ఉన్న చోటే కొనండి. తెచ్చిన రోజు పొద్దున పరీక్షించి మురిసిపోకుండా, ఇంట్లో లైట్లన్నీ వేసి, ఛార్జర్లన్నీ గుచ్చి, రాత్రి భోజనాల వేళ ఐపెర్ఫ్3 అరగంట నడపండి. ఉంచాలో తిరిగి ఇచ్చేయాలో అప్పుడు వచ్చిన అంకెల్లో అతి తక్కువదాన్ని చూసి తేల్చుకోండి.